క్యాసినోలో క్యాషియర్ ఉద్యోగం: బోను వెనక మనిషి కథ

ఈసారి ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలైంది.

మొన్న ఊరికి పోయినా. మా ఊరు దువ్వూరు. కర్నూలు నుంచి కడపకు వస్తా ఉంటే చాగలమర్రి దాటినాక, మైదుకూరుకు ముందు తగుల్తుంది. కేసీ కాలువ కింద వరి పండే ఊరు. రోడ్డు పక్కన టీ తాగుతా ఉంటే తెలిసిన పిల్లోడు ఒకడు వచ్చి కూర్చున్నాడు. బీకాం అయిపోయింది, ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో బిల్లింగ్ చేస్తా ఉన్నాడు. ఫోన్ తీసి ఒక మెసేజ్ చూపిచ్చినాడు. "క్యాసినోలో క్యాషియర్లు కావాలి. జీతం బాగుంటుంది. రూము, భోజనం ఫ్రీ."

"అన్నా, పోవచ్చునా? పోతే ఈ పని పదేళ్ళన్నా ఉంటాదా, లేకుంటే మిషన్లు వచ్చి తినేస్తాయా?" అని అడిగినాడు.

నాకు వెంటనే జవాబు రాలేదు. "రెండు రోజులు ఆగు, చూసి చెప్తా" అన్నా. చూస్తే అది చానా పెద్ద కథ. ఒక్క క్యాసినోది కాదు. మన ఊర్ల మట్కా, మన బ్యాంకు కౌంటరు, మన చేతిలో ఉండే ఫోను, అన్నీ అందులోనే ఉన్నాయి. అందుకే ఆ పిల్లోడికి చెప్పేది మీ అందరికీ చెప్దామని కూర్చున్నా.

బోనులో ఏం పని?

క్యాసినోలో టేబుల్ మీద నేరుగా నోట్లతో ఆడరు. ముందు కౌంటర్లో డబ్బు ఇచ్చి చిప్స్ తీసుకోవాలి. చిప్స్ అంటే రంగురంగుల బిళ్ళలు. ఆట అయిపోయినాక మిగిలినవి అదే కౌంటర్లో ఇచ్చి డబ్బు తీసుకోవాలి. ఆ కౌంటర్‌ని అక్కడ కేజ్ అంటారు, అంటే బోను. పాతకాలంలో నిజంగానే ఇనుప కడ్డీలు ఉండేవి, పేరు అట్లే నిలిచిపోయింది.

ఆ బోనులో కూర్చునే మనిషే క్యాషియర్. పని చూసేదానికి సులభం. డబ్బు తీసుకో, చిప్స్ ఇవ్వు. చిప్స్ తీసుకో, డబ్బు ఇవ్వు. కానీ దాంట్లో పద్ధతి ఉంది. షిఫ్ట్ మొదలైనప్పుడు లెక్కపెట్టిన మొత్తం చేతికిస్తారు. షిఫ్ట్ అయిపోయినప్పుడు డబ్బు, చిప్స్ రెండూ కలిపితే అదే లెక్క తేలాలి. నోట్లు కట్టగా పట్టుకొని లెక్కపెట్టేది కాదు, పైన కెమెరాకి కనపడేట్టు బల్ల మీద పరిచి లెక్కపెట్టాలి. కౌంటర్ నుంచి లేచేటప్పుడు రెండు అరచేతులూ తిప్పి చూపించాలి, చేతిలో ఏమీ లేదని. రాత్రి షిఫ్టులే ఎక్కువ, ఎందుకంటే ఆట నడిచేది రాత్రే.

ఇంకొకటి. పెద్ద మొత్తం మార్చుకునే మనిషి ఎవరో చూడాల్సిందీ ఇక్కడే. నల్లడబ్బును తెల్లగా చేసేదానికి క్యాసినో చానా సులభమైన దారి. నోట్లు ఇచ్చి చిప్స్ తీసుకొని, పెద్దగా ఆడకుండానే చిప్స్ మార్చి "గెలిచినా" అని చెప్పుకోవచ్చు. అందుకే 2009లో మన మనీ లాండరింగ్ నిరోధక చట్టంలోకి క్యాసినోలను కూడా చేర్చారు. కస్టమర్ ఎవరో గుర్తించాలి, రికార్డులు దాచిపెట్టాలి, అనుమానం వచ్చిన లావాదేవీలు ప్రభుత్వానికి చెప్పాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో దీంతో పని ఉంది.

మన దగ్గర బోను ఎందుకు లేదు?

మన రాష్ట్రంలో క్యాసినో లేదు, ఉండకూడదు కూడా. జూదం మీద చట్టాలు మనకు పాతవే. బ్రిటిష్ వాళ్ళ కాలంలో 1867లో పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1930లో మద్రాసు గేమింగ్ చట్టం వచ్చింది, అప్పుడు మన కడప జిల్లా దాని కిందే ఉండేది. నిజాం వైపు హైదరాబాద్ గ్యాంబ్లింగ్ చట్టం ఉండేది. తర్వాత 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది.

మధ్యలో ఒక మంచి కేసు ఉంది. 1963లో సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసినారు. లోపల రమ్మీ ఆడుతున్నారు. ఆడేవాళ్ళ మీదనే కాదు, క్లబ్బు సెక్రటరీ మీద, ట్రెజరర్ మీద కూడా కేసు పెట్టినారు. ట్రెజరర్ అంటే ఎవరు? డబ్బు లెక్క చూసే మనిషి, అంటే మన క్యాషియరే. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967 చివర్లో కోర్టు చెప్పిందేమంటే, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉండే ఆట, మూడు ముక్కలాట మాదిరి పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదు అని. ఈ తీర్పునే పట్టుకొని యాభై ఏళ్ళ తర్వాత ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు వాదించినాయి. ఆ సంగతికి మళ్ళీ వస్తా.

మరి గోవాలో ఎట్లా వచ్చింది? గోవాకి 1976లో జూద నిషేధ చట్టం చేసినారు. 1992లో దాన్ని సవరించి ఫైవ్ స్టార్ హోటళ్ళలో స్లాట్ మిషన్లకు దారి ఇచ్చినారు. 1996లో ఇంకో సవరణతో నీళ్ళ మీద ఓడల్లో టేబుల్ ఆటలకు అనుమతి వచ్చింది. ఇప్పుడు పణజిలో మాండవి నదిలో లైట్లు వేసుకొని నిలబడి ఉండే ఓడలు అవే. సిక్కిం కూడా 2002లో క్యాసినో చట్టం చేసుకుంది. ఇంకో విచిత్రం చూడండి, 2020 ఫిబ్రవరి నుంచి గోవా వాళ్ళు క్యాసినోలో ఆడేదానికి పోకూడదని అక్కడి ప్రభుత్వమే రూలు పెట్టింది. పని చేయొచ్చు, ఆడకూడదు. అంటే డబ్బు బయటోళ్ళది రావాలి, మన ఇల్లు మాత్రం పోకూడదు అని. ఆ బయటోళ్ళలో మన తెలుగోళ్ళు కూడా ఉన్నారు కదా.

మనూరి క్యాషియర్: పట్టీ రాసేవాడు

క్యాసినో లేదు సరే. మరి మన దగ్గర ఆ ఉద్యోగం లేదా అంటే, ఉండేది. పేరు వేరే. మట్కా పట్టీ రాసేవాడు, పేపర్లో మట్కా బీటర్ అని రాస్తారు. ప్రొద్దుటూరు, తాడిపత్రి, గుంతకల్లు వైపు పెరిగినోళ్ళకు జిల్లా పేజీలో "మట్కా పట్టీలతో పట్టుబడ్డారు" అనే వార్త కొత్త కాదు.

మట్కా పుట్టింది బొంబాయిలో. న్యూయార్క్ పత్తి మార్కెట్ రేట్లు టెలిప్రింటర్లో బొంబాయికి వచ్చేవి. రేటు ఎంతతో మొదలై ఎంతతో ముగుస్తుందో దాని మీద పందాలు కాసేవాళ్ళు. 1960ల మొదట్లో ఆ రేట్లు రావడం ఆగిపోయింది. పందెం మాత్రం ఆగలేదు. 1962లో కళ్యాణ్‌జీ భగత్, 1964లో రతన్ ఖత్రీ అంకెలు తీసే ఆటలు మొదలుపెట్టినారు. కుండలోంచి చీటీ తీసేవాళ్ళు కాబట్టి మట్కా. మట్కా అంటే కుండే. బొంబాయి మిల్లు కార్మికుల దగ్గర మొదలై దేశమంతా పాకింది. మన పత్తి, శనగ, నాపరాయి ఊర్లకూ వచ్చింది.

పట్టీ రాసేవాడి పని చూడండి. చిన్న కాగితం మీద అంకె, మొత్తం రాసిస్తాడు. డబ్బు తీసుకుంటాడు. గెలిచినోళ్ళకు పైనుంచి తెచ్చి ఇస్తాడు. అతనికి వచ్చేది కమీషన్. క్యాసినో బోనులో చేసే పని ఇదే, కాకపోతే కెమెరా లేదు, షిఫ్ట్ లేదు, జీతం లేదు, రక్షణ లేదు. పోలీసులు వస్తే మొదట దొరికేది అతనే. పైన కంపెనీ నడిపేవాడు యాడో ఉంటాడు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్తా. మట్కాలో సున్నా నుంచి తొమ్మిది వరకు పది అంకెలు. ఒక్క అంకె తగిలితే రూపాయికి తొమ్మిది రూపాయలు. పది మంది పది అంకెల మీద తలా ఒక రూపాయి పెట్టినారనుకోండి. వచ్చింది పది, పోయింది తొమ్మిది. ఒక రూపాయి నిర్వాహకుడికి, ఏ అంకె వచ్చినా సరే. యూరప్ రకం రౌలెట్‌లో 37 అంకెలు ఉంటాయి. గెలిచినోడికి పెట్టిన రూపాయితో కలిపి 36 రూపాయలు వస్తాయి. అక్కడ కూడా 37లో ఒకటి ఇంటికే. ఎవడో ఒకడు గెలుస్తాడు, నిజమే. ఆట మాత్రం ఓడిపోదు. క్యాషియర్ కూర్చునేది ఎప్పుడూ ఆ ఓడిపోని పక్కే, కానీ ఆ లాభం అతనిది కాదు.

మిషన్ ఎప్పుడో వచ్చింది

ఇప్పుడు ఆటోమేషన్ సంగతి. "మిషన్లు వస్తాయా" అని ఆ పిల్లోడు అడిగినాడు. అవి వచ్చి నూరేళ్ళు దాటిపోయింది.

1890లలో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే అనే మెకానిక్ లిబర్టీ బెల్ అనే స్లాట్ మిషన్ తయారుచేసినాడు. మూడు చక్రాలు, ఒక హ్యాండిల్. దాని గొప్పతనం చక్రాలు కాదు. గెలిస్తే మిషనే నాణేలు బయటికి పోసేది. అంటే క్యాషియర్ పనిలో ఒక ముక్క అప్పుడే మిషన్‌కు పోయింది. 1963లో బ్యాలీ కంపెనీ మనీ హనీ అనే మిషన్ తెచ్చింది. మనిషి సాయం లేకుండా 500 నాణేల వరకు తనే ఇచ్చేది.

మరి క్యాషియర్లు తగ్గినారా? లేదు, పెరిగినారు. ఎందుకంటే మిషన్ తినేది నాణేలు. జనం నోట్లతో వస్తారు. నోట్లకు చిల్లర ఇచ్చేదానికి నడుముకు సంచి కట్టుకొని హాల్లో తిరిగే మనుషులు కావాల్సొచ్చింది. చిల్లర బూతులు కావాల్సొచ్చింది. నాణేలు తూకం వేసి లెక్కపెట్టే గదులు కావాల్సొచ్చింది. మిషన్ ఒక పని తీసేసి నాలుగు పనులు పుట్టించింది.

ఆ నాలుగు పనులను తర్వాత ఒక కాగితం ముక్క తినేసింది. 2000 ప్రాంతంలో అమెరికా క్యాసినోల్లో టికెట్ పద్ధతి పరుచుకుంది. మిషన్లో నోటు పెడితే ఆడొచ్చు, ఆపేస్తే బార్‌కోడ్ ఉన్న టికెట్ వస్తుంది. ఆ టికెట్ ఇంకో మిషన్లో పెట్టొచ్చు, లేదా గోడకు ఉన్న కియోస్క్‌లో పెట్టి డబ్బు తీసుకోవచ్చు. నాణెం పోయింది. నాణెంతో పాటు చిల్లర సంచి, చిల్లర బూతు, లెక్కపెట్టే గది అన్నీ పోయినాయి.

ఇక్కడ గమనించండి. మనిషి పనిని మిషన్ నేరుగా తీసుకోలేదు. ఆ పనికి కారణమైన వస్తువే మాయమైంది. పెద్దపెద్ద రోబోలు ఏమీ రాలేదు. నాణెం అవసరం లేకుండా పోయింది, అంతే.

బ్యాంకు కౌంటర్ దగ్గర ఇదే కథ

ఇది మీకు దగ్గరగా అర్థం కావాలంటే అమ్మానాన్నలను బ్యాంకు గురించి అడగండి. చెక్కు ఇస్తే ఇత్తడి టోకెన్ ఇచ్చేవాళ్ళు. మెష్ వెనక క్యాషియర్ నంబర్ పిలిచేదాకా బెంచీ మీద కూర్చునేవాళ్ళు. అది కూడా బోనే.

1967 జూన్ 27న లండన్ పక్క ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు మొదటి క్యాష్ మిషన్ పెట్టింది. మన దేశంలో మొదటి ఏటీఎం 1987లో ముంబైలో హెచ్‌ఎస్‌బీసీ పెట్టింది. మన బ్యాంకు యూనియన్లు కంప్యూటర్లంటే గట్టిగా ఎదురు తిరిగినాయి. 1983లో ఒప్పందం కుదిరినాకనే, కొద్దికొద్దిగా లోపలికి రానిచ్చినారు. వాళ్ళ భయం తప్పు కాదు.

అమెరికాలో జేమ్స్ బెస్సెన్ అనే ఆర్థికవేత్త ఈ లెక్క చూసినాడు. 1988 నుంచి 2004 మధ్య పట్టణాల్లో ఒక్కో బ్రాంచిలో టెల్లర్లు సగటున 20 నుంచి 13కి తగ్గినారు. కానీ బ్రాంచి నడిపే ఖర్చు తగ్గింది కాబట్టి బ్యాంకులు 43 శాతం ఎక్కువ బ్రాంచీలు తెరిచినాయి. మొత్తం మీద టెల్లర్ ఉద్యోగాలు పడిపోలేదు. స్లాట్ మిషన్, చిల్లర మనుషుల కథ లాంటిదే కదా?

తర్వాత ఫోన్ వచ్చింది. బ్రాంచికే పోవాల్సిన పని లేకుండా పోయింది. అప్పుడు అక్కడ టెల్లర్ల సంఖ్య నిజంగా దిగడం మొదలైంది. మన దగ్గర యూపీఐ 2016లో మొదలైంది. అదే సంవత్సరం నవంబరు 8 రాత్రి నోట్ల రద్దు. 2025 ఆగస్టులో ఒక్క నెలలో యూపీఐ లావాదేవీలు 2,000 కోట్లు దాటినాయి. దువ్వూరులో టీ కొట్టు కాడ కూడా స్కానర్ ఉంది. ఏటీఎం క్యాషియర్‌ను తీసేయలేకపోయింది, క్యాష్ తగ్గిపోవడమే ఆ పని చేసింది.

2013లో ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రే, ఆస్బోర్న్ అనే ఇద్దరు 702 రకాల ఉద్యోగాలు తీసుకొని ఏది కంప్యూటర్ చేతికి పోయే అవకాశం ఎంత అని అంచనా వేసినారు. క్యాషియర్‌కు 97 శాతం, బ్యాంకు టెల్లర్‌కు 98 శాతం వచ్చింది. అది జోస్యం కాదు, అంచనా. ఎప్పుడు పోతుందో అది చెప్పలేదు. కానీ గాలి ఎటు వీస్తా ఉందో తెలుస్తా ఉంది.

బోను లేని జూదం

ఇప్పుడు అసలు నొప్పి ఉండే చోటికి వస్తా.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలు కూడా నిషేధించినాయి. కంపెనీలు పాత రమ్మీ తీర్పు చూపించి, ఇది నైపుణ్యం అని వాదించినాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. నైపుణ్యమా అదృష్టమా అనే తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నడపడం నేరం అయింది. నడిపినోళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇచ్చినా శిక్ష ఉంది. చట్టం ఉన్నా దొంగ లింకులు తిరుగుతానే ఉన్నాయని మీకు నాకంటే బాగా తెలుసు.

ఆ యాప్‌లలో క్యాషియర్ లేడు. పూర్తిగా ఆటోమేషన్ అయిపోయిన క్యాసినో అంటే అదే. క్యాషియర్ పోయినాక ఏమవుతుందో మనం భవిష్యత్తులో చూడాల్సిన పని లేదు, జేబులో ఉంది.

పాత పేకాటలో డబ్బు అయిపోతే ఆట ఆగేది. ఇంటికి పోవాలి, ఎవరినో అడగాలి, అడిగేటప్పుడు సిగ్గు. క్యాసినోలో అయితే టేబుల్ నుంచి లేచి బోను దాకా నడవాలి. మూడోసారి పోతే అవతల మనిషి మొహం చూస్తాడు. అతను ఏమీ అనకపోవచ్చు, ఆపే హక్కు కూడా అతనికి లేకపోవచ్చు. మనల్ని కాపాడేదానికి అతన్ని అక్కడ పెట్టలేదు, నేను దాన్ని గొప్ప చేసి చెప్పడం లేదు. కానీ ఆ పది అడుగుల నడక ఉంది చూడండి, అందులో కొంతమందికి బుద్ధి వచ్చేది.

యాప్‌లో ఆ పది అడుగులు లేవు. అర్ధరాత్రి రెండు గంటలకు దుప్పటి కింద పిన్ కొడితే చాలు. డబ్బు పోవడానికి ఒక్క క్షణం. గెలిచింది తీసుకోవాలంటే మాత్రం సవాలక్ష రూల్స్. మహాభారతంలో ధర్మరాజు జూదం గుర్తు తెచ్చుకోండి. ఆ సభలో ఎవరూ లెక్కపెట్టి బల్ల మీద పెట్టలేదు. నోటితో అన్నాడు, పోయింది. లెక్కపెట్టే చెయ్యి లేని జూదం ఎంత దూరం పోతుందో మనకు ఎప్పుడో తెలుసు.

ఆ మెసేజ్ సంగతి

ఇంక ఆ పిల్లోడి ఫోన్లో ఉన్న మెసేజ్. దాంట్లో ఏ ఊరు, ఏ కంపెనీ అని లేదు. "విదేశం, టూరిస్ట్ వీసా మీద వెంటనే ప్రయాణం" అని మాత్రం ఉంది. నాకు భయం వేసింది అక్కడే.

కంబోడియాలో సిహానౌక్‌విల్ అనే సముద్రతీరపు ఊరు ఉంది. కొన్నేళ్ళ కింద అక్కడ క్యాసినోలు పుట్టగొడుగుల్లా లేచినాయి. 2019లో అక్కడి ప్రభుత్వం ఆన్‌లైన్ జూదం ఆపేస్తామని ప్రకటించింది, ఆ తర్వాత కోవిడ్ వచ్చింది. ఖాళీ అయిన బిల్డింగుల్లో కొన్ని సైబర్ మోసాల అడ్డాలుగా మారినాయి. డేటా ఎంట్రీ ఉద్యోగం అని చెప్పి మన వాళ్ళను తీసుకుపోయి, పాస్‌పోర్టు లాక్కొని, ఫోన్లలో జనాన్ని మోసం చేసే పని చేయించినారు. 2024 మార్చి నాటికి సుమారు 250 మంది భారతీయులను అక్కడి నుంచి కాపాడి తెచ్చినామని మన విదేశాంగ శాఖ చెప్పింది. అదే సంవత్సరం మేలో విశాఖ పోలీసులు అట్లా మనుషులను పంపే ఏజెంట్లను పట్టుకున్నారు. పోయినోళ్ళలో మన తెలుగు పిల్లోళ్ళు ఉన్నారు.

కడప జిల్లాకు ఇది దూరం విషయం కాదు. కువైట్‌కు మనవాళ్ళు ఎంతమంది పోతారో తెలుసు కదా. రేపు గల్ఫ్‌లో క్యాసినో ఉద్యోగం అంటే కూడా నమ్మేట్టు ఉంటుంది, ఎందుకంటే యూఏఈలో 2023లో జూదానికి నియంత్రణ సంస్థ పెట్టినారు, రస్ అల్ ఖైమాలో 2027లో మొదటి పెద్ద క్యాసినో రిసార్ట్ తెరుస్తామంటున్నారు. నిజం ఉద్యోగాలు వస్తాయి, వాటి పేరు చెప్పి దొంగ మెసేజ్‌లు అంతకంటే ముందే వస్తాయి.

కాబట్టి మూడు చూసుకోండి. ఏజెంటుకు ఈ-మైగ్రేట్‌లో లైసెన్స్ ఉందా. వీసా ఉద్యోగానిదా, టూరిస్టుదా. కంపెనీ పేరు, జీతం, పని కాగితం మీద ఉందా. టూరిస్ట్ వీసా మీద ఉద్యోగం అన్నారంటే ఆ మాట అక్కడితో ఆపేయండి. డబ్బు కట్టి మోసపోయింటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఆ పిల్లోడికి నా జవాబు

రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి చెప్పినా. ఆ మెసేజ్ డిలీట్ చేయమన్నా. గోవాలోనో ఇంకో చోటో లైసెన్స్ ఉన్న చోట నిజంగా ఉద్యోగం వస్తే, నీ మనసు ఒప్పుకుంటే పో. కానీ జీవితాంతం ఉండే పని అనుకోవద్దు. చిప్స్ ఇచ్చి నోట్లు తీసుకునే చెయ్యి పని తగ్గిపోతుంది, అది అమెరికాలో చూసినాం, బ్యాంకులో చూసినాం.

మిగిలేది ఏంది? ఎదుటి మనిషి ఎవరు, ఈ డబ్బు ఎక్కడిది, ఈ లావాదేవీ తేడాగా ఉందే అని గుర్తుపట్టి, రాసి, సంతకం పెట్టే పని. మొదట్లో గుర్తుపెట్టుకోమన్నానే, అది. మిషన్ అనుమానం చూపిస్తుంది, బాధ్యత మాత్రం ఒక మనిషి పేరు మీద ఉండాలి. బ్యాంకుల్లో, ఫైనాన్స్ కంపెనీల్లో, పేమెంట్ కంపెనీల్లో, అన్నిచోట్లా ఆ పనికి మనుషులు కావాలి. బీకాం చదివినోడికి అది అందని పని కాదు. దానికి గోవా పోవాల్సిన పని కూడా లేదు. ప్రొద్దుటూరు లాంటి బంగారం ఊర్లో పుట్టి డబ్బు లెక్క తెలియదంటే ఎట్లా?

అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అన్నా, ఇంకోటి చెప్పనా, నేను ఆ రమ్మీ యాప్‌లో ఒక నెల జీతం పోగొట్టుకున్నా. అందుకే తొందరగా డబ్బు కావాల్సొచ్చింది" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు, అతను అసలు అడిగింది ఏ ఉద్యోగం గురించో. మీలో ఎవరికన్నా అట్లా జరిగింటే, ఇంట్లో ఒక్కరికన్నా చెప్పండి. అమ్మకో, అక్కకో, స్నేహితుడికో. యాప్ తీసేసిన ఆ పది అడుగులు మనకు మనమే మళ్ళీ పెట్టుకోవాలి.

ఇవాళ్టికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.